ఎవరు కాల్చారు బాబూ?

పర్లాకిమిడి

చిరంజీవికి ఆశీస్సులు.

గుణుపురం నుంచి నువ్వు పంపిన కథ అందింది. కొండవాలు మీద పోడు తగలబెట్టే ఘట్టం బాగా కుదిరింది, పొగ నా ముక్కుకే తగిలింది. కానీ నాలుగుచోట్ల ‘మండుతున్న సమస్య’ అని రాశావు. మనూళ్లో అలా ఎవరంటారు? ఆ మాట వెనక ఇంగ్లీషు బర్న్ కూర్చుని ఉంది.

ఆ బర్న్ కథ కాస్త విను. వెయ్యేళ్ల కిందటి ఇంగ్లీషులో దానికి రెండు క్రియలుండేవి. కాలడానికి ఒకటి, కాల్చడానికి ఒకటి. రూపాలు దగ్గరగా ఉండటంతో రానురాను కలిసిపోయాయి. ఇప్పుడు ఇల్లు కాలినా బర్నే, కాల్చినా బర్నే. దాని చుట్టం బ్రాండ్. మొదట్లో దానర్థం కొరివి. తర్వాత పశువుకి పెట్టే వాత అయింది, ఆ తర్వాత సరుకు మీది గుర్తయింది. డచ్చివాళ్లు బట్టీలో కాచిన ద్రాక్షసారాని ‘కాల్చిన వైను’ అన్నారు, బ్రాందీ అక్కణ్ణుంచే వచ్చింది. (స్కాట్లండులో సెలయేటినీ బర్న్ అంటారు. అది వేరే మాటలే, కంగారుపడకు.)

మనకి ఆ తేడా ఇంకా చెక్కుచెదరలేదు. కాలు, కాల్చు. రగులు, రగిలించు. తగలబడు, తగలబెట్టు. అన్నం మాడుతుంది, వేలు చురుక్కుమంటుంది, చుట్ట కాలుస్తారు, దీపం వెలిగిస్తారు. కడుపు మండితే కోపం, కడుపు కాలితే ఆకలి. ఇన్ని ఉండగా అన్నిటికీ ఒకే ‘మండు’ వాడితే ఎలా?

నేనూ ఒకప్పుడు తప్పు చేశాను. కుర్రతనంలో ఓ పత్రికకి వార్తలు రాసేవాణ్ణి. ఒక ఊళ్లో పూరిళ్లు తగలబడ్డాయని రాశాను. మర్నాడు ఆ ఊరికి వెళ్తే ఒక ముసలమ్మ అడ్డచుట్ట నోట్లోంచి తీసి, ‘‘తగలబడనేదు బాబూ, తగలెట్టీసినారు’’ అంది. ఒక్క క్రియతో నేను నేరస్తుణ్ణి దాచేశానని అప్పుడు గానీ తెలియలేదు. సిగ్గేసింది. దిద్దుబాటు వేయమంటే మా ఎడిటరు నవ్వి ఊరుకున్నాడు.

నీ కథ మూడో పేజీలో ‘సవరల గుడిసెలు దగ్ధమయ్యాయి’ అని ఉంది. దగ్ధం పోలీసు కాయితాల మాట, దాన్నలా ఉంచు. అసలు వాటిని ఎవరు కాల్చారో నీకు తెలుసా? గిడుగు రామమూర్తి పంతులుగారు ఈ ఊళ్లో పాఠాలు చెప్పుకుంటూనే సవరల నోటినుంచి వాళ్ల భాష నేర్చుకున్నారు. నువ్వుండేది వాళ్ల కొండల కిందే కదా, ఒకసారి ఎక్కి అడిగిరా. ఆ పేజీ మళ్లీ రాసి పంపు.

వచ్చేటప్పుడు చెనాపోడా, అదే ఆ ఒరియావాళ్ల కాల్చిన పాలవిరుగుడు మిఠాయి, తీసుకురా. అడుగు బాగా మాడింది చూసి తే.