పడకలు తగ్గి సిబ్బంది పెరిగితే ప్రభుత్వ ఆస్పత్రి బలపడినట్టా?

దశాబ్దాల గణాంకాల్లో ప్రభుత్వ ఆస్పత్రుల పడకలు తగ్గుతూ, సిబ్బంది పెరుగుతూ కనిపిస్తే దానిని ఎలా అర్థం చేసుకోవాలని మీరు అడిగారు. ఒక పెద్ద ప్రభుత్వ ఆస్పత్రి రికార్డుల విభాగంలో పనిచేస్తూ, ప్రతి అర్ధరాత్రి వార్డులవారీగా రోగుల లెక్క తీసినవాడిగా నాకు తెలిసినంతలో చెబుతాను.

ఇంగ్లండులో 1987-88లో దాదాపు 3 లక్షలున్న ఎన్‌హెచ్‌ఎస్ (అక్కడి ప్రభుత్వ ఆరోగ్య సేవ) పడకలు 2019-20 నాటికి సుమారు 1.41 లక్షలకు తగ్గాయి. అందులో పెద్ద భాగం మానసిక రోగులను, వృద్ధులను ఏళ్ల తరబడి ఉంచే వార్డులు మూతపడడం వల్ల తగ్గినదే. మిగిలినదానికి వైద్యం మారడం ప్రధాన కారణం. నేను ఉద్యోగంలో చేరిన కొత్తలో కంటిశుక్లం ఆపరేషన్ చేయించుకున్నవారి కేసు షీటు దాదాపు వారం రోజులు నడిచేది; తరువాత అదే రోగి ఉదయం వచ్చి సాయంత్రానికి ఇంటికి వెళ్లిపోవడం మామూలైంది. అలాంటివారు అర్ధరాత్రి లెక్కలోకి రానే రారు. అందువల్ల ఆస్పత్రి పని పెరిగిన ఏడాది కూడా మా రిజిస్టరులో తగ్గినట్టే కనిపించేది.

ఇక్కడే చాలామంది పొరబడతారు. పూర్వం వార్డులో సగం మంది కోలుకుంటున్నవారు ఉండేవారు. వారికి పూటకొకసారి మందు ఇచ్చి, జ్వరం చూస్తే సరిపోయేది. ఇప్పుడు వారు డిశ్చార్జి అయిపోయి, ఆ పడకల్లోకి ఆపరేషన్ జరిగిన తొలిరోజు రోగులు వస్తున్నారు. పడకలు తగ్గినా ఒక్కో పడకకు కావలసిన నర్సుల శ్రమ పెరిగింది కనుక, సిబ్బంది సంఖ్య పెరిగినంత మాత్రాన పనిభారం తగ్గినట్టు కాదు. 2002లో అమెరికాలోని పెన్సిల్వేనియా ఆస్పత్రులపై వెలువడిన అధ్యయనంలో, శస్త్రచికిత్స వార్డుల్లో నర్సుపై ఒక్కో రోగి అదనంగా పడేకొద్దీ, రోగులు 30 రోజుల లోపు మరణించే అవకాశం 7 శాతం చొప్పున పెరిగినట్టు తేలింది. కాలిఫోర్నియా 1999లో చట్టం చేసి, 2004 నుంచి నర్సుకు ఇంతమంది రోగులనే పరిమితిని అమలు చేసింది.

సిబ్బంది అంకెలోనూ ఒక చిక్కుంది. వారానికి 168 గంటలు. ఒక్కొక్కరు 40 గంటలు పనిచేస్తే, ఒక స్థానంలో ఎప్పుడూ ఒక నర్సు ఉండాలంటే సెలవులతో కలిపి కనీసం అయిదుగురు కావాలి. వందమంది నర్సులున్నారంటే ఏ క్షణానైనా వార్డుల్లో ఉండేది ఇరవై మందే. పైగా మంజూరైన పోస్టులు వేరు, భర్తీ అయినవి వేరు, డెప్యుటేషన్‌పై మరెక్కడో పనిచేస్తున్నవారు వేరు. మా ఆస్పత్రిలోనే ఒకసారి నర్సులు చాలక ఒక వార్డుకు తాళం వేశారు. ఆ ఏటి వార్షిక నివేదికలో మాత్రం దాని పడకలన్నీ యథాతథంగా ఉన్నాయి. ఆ పట్టిక టైపు చేసింది నేనే.

కాబట్టి మొత్తం పడకలను కాక, సిబ్బంది ఉన్న పడకలను, వాటిలో ఎన్ని నిండి ఉంటున్నాయో చూడండి. 1999లో ఒక బ్రిటిష్ అధ్యయనం సగటున 85 శాతం దాటితే ప్రమాదం మొదలవుతుందని, 90 శాతానికి చేరితే తరచూ పడకల కొరత తప్పదని లెక్కగట్టింది. దానితోపాటు రాత్రి షిఫ్టు రోస్టరు దొరికితే, నేనైతే వార్షిక నివేదిక కంటే ముందు దానినే తెరుస్తాను.