కారులో ఆ పెట్టె ఎందుకుంది?

చిరంజీవికి ఆశీస్సులు.

నీ కథ అందింది, చదివాను. ఆపి ఉన్న కారులోంచి నగల పెట్టె పోవడం మంచి వస్తువు. పైకి చూస్తే పేపర్లో ఓ మూల పడే చిన్న వార్త. లోపలికి వెళ్తే డబ్బుంది, చుట్టరికాలున్నాయి, అనుమానాలున్నాయి, "ఐదు నిమిషాల్లో వచ్చేస్తాం కదా" అన్న మనిషి ఒకడున్నాడు. ఇంత సరుకు చేతిలో పెట్టుకుని నువ్వు అద్దం పగలడంతో మొదలుపెట్టి, దొంగని పట్టుకోవడంతో ముగించేశావు. నా పేచీ అంతా దాంతోనే.

దొంగ పని నిమిషంలో అయిపోతుంది. దానికి నువ్వు నాలుగు పేజీలిచ్చావు. చీకటి, గాలి, కుక్క అరుపు, దొంగ నుదుటి మీద చెమట, ఏదీ వదల్లేదు. ఆ నగలు కారులో ఎందుకున్నాయో మాత్రం ఒక్క ముక్కలో తేల్చేశావు: ఫంక్షన్ నుంచి వస్తూ షాపింగ్‌కి ఆగారట. చూడమ్మా, నువ్వు దాటేసిన ఆ ముక్కలోనే కథ ఉంది.

నగలు మామూలుగా ఒంటి మీద ఉంటాయి, బీరువాలో ఉంటాయి, లాకర్లో ఉంటాయి, లేదంటే నగల కొట్లో ఉంటాయి. కారులో ఉన్నాయంటే ఒక చోటి నుంచి ఇంకో చోటికి పోతూ దారిలో ఉన్నాయన్న మాట. ఆ ప్రయాణానికి కారణం ఉండి తీరాలి. లాకరు మూసే వేళ దాటిపోయి ఉండొచ్చు. ఒళ్లో నిద్రపోతున్న పిల్లకి గుచ్చుకుంటున్నాయని మెడలోవి తీసి సంచిలో పడేసి ఉండొచ్చు. అమ్మ పోయాక అక్కచెల్లెళ్లు నగలు పంచుకుని, ఎవరి వాటా వాళ్లు తీసుకెళ్తూ ఉండొచ్చు. లేదా ఇంట్లో ఎవరికీ చెప్పకుండా తాకట్టు పెట్టడానికి బయల్దేరి ఉండొచ్చు. ఈ చివరిది ఒక్కసారి ఆలోచించు. పెట్టె పోయింది. ఆవిడ పోలీసుల దగ్గరికి వెళ్తే ఇంట్లో తెలిసిపోతుంది, వెళ్లకపోతే నగ సంగతి మర్చిపోవాలి. ఇంటికెళ్లి అన్నం వడ్డించాలి, మర్నాడు మెడ బోసిగా ఎందుకుందో ఎవరో అడుగుతారు. దొంగ మొహం పాఠకుడికి ఒక్కసారి కూడా చూపించకుండా కథ నడిపించొచ్చు.

ఇక వివరాలకొద్దాం. నీ దొంగ కారు ముందు వైపు అద్దం పగలగొట్టాడు, గాజు పెంకు చేతికి దిగింది, కారిన రక్తంతో దొరికిపోయాడు. అలా కుదరదు. ముందు అద్దాన్ని రెండు గాజు పలకల మధ్య ప్లాస్టిక్ పొర పెట్టి అతికిస్తారు. కొడితే పగుళ్లిస్తుంది గానీ ఊడిరాదు. హడావిడిలో ఉన్న దొంగ దాని జోలికి పోడు. పక్క అద్దాలు వేరు. గాజుని బాగా వేడి చేసి, పైభాగాన్ని ఒక్కసారిగా చల్లార్చి వాటిని తయారుచేస్తారు. అందువల్ల పైపొర నొక్కుకుపోయి, లోపలిది లాగి పట్టినట్టు ఉంటుంది. ఒక్క చోట లోతుగా దెబ్బ పడితే చాలు, అద్దమంతా ఒకేసారి రాలిపోతుంది. పెంకులుగా కాదు, మొద్దుబారిన చిన్న చిన్న పలుకులుగా. ప్రమాదంలో మనుషులకి కోసుకోకూడదని అలా చేశారు, ఆ సదుపాయం దొంగకీ దక్కింది. ఈమధ్య కొన్ని కార్లకి పక్కన కూడా అతికించిన అద్దాలే వస్తున్నాయి, నీ కథకి ఆ గొడవ అక్కర్లేదు. ఆ పలుకులున్నాయే, అవి సీటు సందుల్లో, సీటు జరిపే పట్టాల్లో దూరిపోతాయి. ఎంత దులిపినా నెలల తర్వాత ఒకటీ అరా బయటికొస్తూనే ఉంటాయి. అందరూ ఆ మాట ఎత్తడం మానేసిన రోజుల్లో వెనక సీట్లో ఆడుకుంటున్న పిల్ల, "అమ్మా, రాయి దొరికింది" అని ఒక గాజు పలుకు చూపించిందనుకో. నీ రక్తపు చుక్క కన్నా బాగా పనికొస్తుంది.

అసలు అద్దమే పగలకపోతే? నువ్వు ఈ దారి ఆలోచించినట్టు లేదు. రిమోట్ తాళం నడిచేది రేడియో సంకేతంతో. చాలా దేశాల్లో 433 మెగాహెర్ట్జ్ దగ్గర, అమెరికాలో ఎక్కువగా 315 దగ్గర. సరిగ్గా అప్పుడే పక్కన ఎవడైనా అదే ఫ్రీక్వెన్సీలో రేడియో గోల లేపితే సంకేతం కారుకి చేరదు. మనిషి బటన్ నొక్కుతాడు, ఫోన్లో మాట్లాడుకుంటూ వెళ్లిపోతాడు. ఇండికేటర్లు వెలగలేదని గమనించడు. తలుపుకి తాళం పడకుండానే ఉంటుంది. ఆ పరికరం ఎలా ఉంటుందో, ఎలా వాడతారో రాయకు. కథకి అవసరం లేదు, రాస్తే ఎవరికి పనికొస్తుందో నీకు తెలుసు. తిరిగొచ్చాక ఏం జరుగుతుందో అది రాయి. అద్దాలు బాగున్నాయి, తాళం బాగుంది, పెట్టె లేదు.

"లాక్ చేశారా?"

"చేశాను."

"చేస్తే ఎలా పోయింది?"

అతను అబద్ధమాడట్లేదు, బటన్ నిజంగానే నొక్కాడు. ఆవిడ అడగడంలోనూ తప్పు లేదు. ఇద్దరూ ఉన్నదే చెబుతూ, ఒకరినొకరు నమ్మలేకపోతున్నారు. ఇలాంటి గొడవ రాసే అవకాశం రచయితకి ఊరికే దొరకదమ్మా, వదులుకోకు. పోలీసులు వచ్చాక ఇంకో మెలిక పడుతుంది. వాళ్లూ అదే అడుగుతారు, బీమా ఉంటే ఆ కంపెనీ వాళ్లూ అదే అడుగుతారు: బలవంతంగా తెరిచిన ఆనవాలేదీ? లేదు. అప్పుడు భర్త వైపు అందరూ చూసే చూపు ఉంటుంది చూడు, దానికి ఒక పేజీ ఇవ్వు.

నీ నాయిక చాలా జాగ్రత్త మనిషి అని రాశావు. రాయకు, చేయించు. కారు ఆపాక ముందు సీట్లోంచి సంచి తీసుకుని, దిగి, డిక్కీలో పెట్టి, మీద శాలువా కప్పి, డిక్కీ మూసి, పడిందో లేదో ఒకసారి లాగి చూడమను. అవతలి వరుసలో బండిలో కూర్చున్నవాడికి ఇంకెవరూ ఏమీ చెప్పక్కర్లేదు. దాచాల్సింది బయల్దేరే ముందే డిక్కీలో పెట్టండి, ఆగిన చోట కాదు అని పోలీసులు చెప్పేది అందుకే. పాఠకుడికి అది అర్థమవుతుంది, ఆవిడకి కాదు.

ఏముందో తెలియకుండా సంచి ఎత్తుకుపోయేవాడు ఒక రకం, లోపల ఏముందో ముందే తెలిసి వెంటబడేవాడు ఇంకో రకం. మొదటివాడు ల్యాప్‌టాప్ దొరుకుతుందేమో అనుకుని, లోపల చూసుకుని భయపడతాడు. నాకు వాడంటే కొంచెం ఇష్టం. రెండో రకానికి పెద్ద ఉదాహరణ కావాలంటే 2022 జులైలో కాలిఫోర్నియాలో జరిగింది చూడు. శాన్ మాటేయోలో నగల ప్రదర్శన అయ్యాక వర్తకుల సరుకుని, విలువైన వస్తువుల్ని కాపలాతో చేరవేసే బ్రింక్స్ కంపెనీ ట్రక్కులో ఎక్కించారు. అది దక్షిణంగా వెళ్తూ, రాత్రి వేళ లెబెక్ అనే చోట హైవే పక్కన ఆగింది. ఇద్దరు డ్రైవర్లలో ఒకాయన ట్రక్కులోనే పడకలో నిద్రపోతున్నాడు, ఇంకొకాయన తినడానికి దిగాడు. దిగి వెళ్లింది సుమారు 27 నిమిషాలు. వచ్చేసరికి ఇరవైకి పైగా సంచులు మాయం. దొంగలు ప్రదర్శన దగ్గర్నుంచే కాపు కాసి, వందల మైళ్లు వెంట వచ్చారని 2025లో ఏడుగురి మీద పెట్టిన అభియోగాల్లో అక్కడి ప్రభుత్వం చెప్పింది.

వెంటాడటం అదీ సినిమావాళ్లు చూసుకుంటారు. నన్ను ఆపింది లెక్క. పోయిన సరుకు పది కోట్ల డాలర్ల దాకా ఉంటుందని అన్నారు. వర్తకులు ఎక్కించేటప్పుడు కాగితాల మీద రాసిచ్చిన విలువ కలిపితే 87 లక్షల డాలర్లేనని కంపెనీ కోర్టుకెళ్లింది. అవే సంచులు! నీ కథలో ఇన్‌స్పెక్టర్ "విలువెంత?" అంటే భర్త ఒకే అంకె చెప్పాడు, అది చివరిదాకా అలాగే ఉండిపోయింది. మనుషులు అలా ఉండరు. పోలీసులకి ఒకటి చెబుతారు, బావమరిదికి ఒకటి చెబుతారు, రాత్రి పడుకున్నాక ఇంకొకటి లెక్కేసుకుంటారు. దొంగ చేతికొచ్చేది వీటన్నిటికన్నా తక్కువ.

బీమా గురించి కాస్త తెలుసుకుని ఉండు. కారు బీమా మామూలుగా కారుకే, లోపల పెట్టిన నగలకి కాదు. వాటికి విడిగా చేయించుకోవాలి, దానికీ షరతులుంటాయి. నగల వర్తకులు తీసుకునే బీమాలో అయితే చాలాచోట్ల ఒక గట్టి షరతు ఉంటుంది: బండిలోంచి సరుకు పోతే, ఆ క్షణాన మనిషి బండిలోనో బండిని అంటిపెట్టుకునో ఉంటేనే డబ్బు వస్తుంది. దిగి కొన్ని అడుగుల దూరంలో ఉన్నవాడు ఉన్నట్టా లేనట్టా అని అమెరికా కోర్టుల్లో కేసులు నడిచాయి. శాంపిల్ నగల సంచితో ఊళ్లు తిరిగే ఏజెంటు కథ ఎవరైనా రాస్తే చదవాలని ఉంది. టాయిలెట్‌కి కూడా సంచి మోసుకెళ్లే మనిషి, టైరు పంక్చరైందని ఎవరైనా సాయానికొస్తే వణికిపోయే మనిషి. వణకడానికి కారణం ఉంది, టైరు కోసి వెనకాలే సాయానికి రావడం ఇలాంటి ఏజెంట్ల వెంటబడే దొంగల పాత పద్ధతి. నీకు ఓపికుంటే తర్వాత ఎప్పుడైనా ప్రయత్నించు.

ఫిర్యాదు ఇచ్చే దృశ్యాన్ని నువ్వు మూడు లైన్లలో దాటేశావు. పోలీసులు జాబితా అడుగుతారు. ఏ వస్తువు, ఎన్ని గ్రాములు, రాళ్లున్నాయా, బిల్లుందా, ఫొటో ఉందా. బిల్లులు ఎవరు దాచుకున్నారు గనక? ఇంటికెళ్లి ఆల్బమ్‌లు తీస్తారు, ఫోన్లు తిరగేస్తారు. పెళ్లి ఫొటోలు, పుట్టినరోజు ఫొటోలు. అందరి మొహాలూ వదిలేసి మెడలు చూస్తారు, చేతులు చూస్తారు. పోయిన నాన్న ఫొటోలో ఉన్నా, పక్కనున్నావిడ హారానికి ఆయన భుజం అడ్డమొచ్చిందే అని విసుక్కుంటారు. ఈ దృశ్యం కోసం నీ కథలో దొంగ మొత్తాన్నీ వదులుకోవచ్చు. తర్వాత జాబితా. అవతల రాసుకునేవాడికి అది "గాజులు, జత, 22 క్యారెట్లు." చెప్పేవాళ్లకి అది ఎవరు పెట్టారో, ఎందుకు పెట్టారో, ఎవరికి పెట్టకుండా పెట్టారో. భార్య చెబుతున్నప్పుడు భర్తకి తెలియని నగ ఒకటి బయటపడొచ్చు. పెట్టెలో అసలు లేని నగ ఒకటి జాబితాలో చేరనూ వచ్చు. ఆ రెండోది రాయడానికి ధైర్యం కావాలి, ఎందుకంటే అప్పటిదాకా పాఠకుడు వాళ్ల పక్షాన ఉన్నాడు.

డ్రైవర్ని దొంగని చేశావు. నాకు కోపం వచ్చిన చోటు ఇదొక్కటే. "పెట్టె ఉన్నట్టు ఎవరికి తెలుసు?" అనగానే ఇంటిల్లిపాదీ ముందు అతని వైపే చూస్తారు, అది లోకం తీరు. వాళ్లు అలా చూడటం రాయి. రచయిత కూడా అటే చూసి, అవును వాడే అని ముగిస్తే వాళ్లకీ నీకూ తేడా ఏముంది? అతన్ని స్టేషన్‌కి పిలిపించి రాత్రంతా కూర్చోబెట్టి వదిలేశారనుకో. మర్నాడు పొద్దున పిల్లని స్కూల్లో దింపాలి. కారు తాళం అతనికి ఎవరు ఇస్తారు, ఏమని ఇస్తారు?

చివర్లో నగలన్నీ భద్రంగా దొరికి, పెట్టెతో సహా తిరిగొచ్చాయి. బంగారం 1064 డిగ్రీల దగ్గర కరుగుతుంది, నగ బంగారంలో వేరే లోహం కలుస్తుంది గనక అంతకన్నా కొంచెం ముందే. చిన్న కొలిమికి అది పెద్ద వేడి కాదు. రాళ్లు ముందే ఊడబీకేస్తారు. కొన్ని వజ్రాల అంచు మీద లేజర్‌తో సన్నని నంబరు చెక్కి ఉంటుంది, దాన్నిబట్టి ఆచూకీ దొరికే అవకాశం ఉంది, మళ్లీ సానపడితే అదీ పోతుంది. కరిగిన బంగారానికి మాత్రం ఎవరి మెడలోదో చెప్పే గుర్తు మిగలదు. కాబట్టి దొరికించాలనే ఉంటే ఒక ముద్ద దొరికించు. టేబుల్ మీద పెట్టి "ఇది మీదేనా?" అని అడిగించు. ఆవిడ ఏం చెబుతుందో నాకు తెలీదు, నీకు తెలియాలి.

తిరగరాసి పంపు, తొందరేం లేదు. పేరు గురించి తర్వాత చూద్దాం. ఒక్క సంగతి మర్చిపోకు. మూడో పేజీలో అక్క ఫోన్ చేసి, "నా హారం జాగ్రత్త అని చెప్పే ఇచ్చాను కదే" అంటుంది. ఆ తర్వాత ఆవిడ కథలో ఎక్కడా లేదు. అరువు తెచ్చుకున్న హారమది! ఆవిడ ఇల్లు ఎంత దూరం, ఫోన్ పెట్టేశాక వాళ్లాయనతో ఏమంది, వచ్చే పండక్కి చెల్లెల్ని పిలుస్తుందా? ఈసారి కథ పంపేటప్పుడు ఆవిడ సంగతి రాసి పంపు.

ఉంటాను.