గ్రనోలాలో నూనె కన్నా ముందు తీపి తగ్గించండి

ప్రశ్న: నా వయసు 46 ఏళ్లు. టీచర్‌గా పనిచేస్తున్నాను. ఈమధ్య రక్తపరీక్షల్లో హెచ్‌బీఏ1సీ (మూడు నెలల సగటు చక్కెర) 6.1, ఎల్‌డీఎల్ (చెడు కొలెస్ట్రాల్) 148, ట్రైగ్లిజరైడ్స్ (రక్తంలోని ఒక రకం కొవ్వు) 210 వచ్చాయి. థైరాయిడ్‌కి రోజూ 50 మైక్రోగ్రాముల మాత్ర వేసుకుంటాను. ఇడ్లీ, దోశ మానేసి మూడు నెలలుగా సూపర్‌మార్కెట్‌లో దొరికే ‘లో ఫ్యాట్’ గ్రనోలా (తీపి కలిపి వేయించిన ఓట్స్, గింజల మిశ్రమం) తింటున్నాను. అయినా కిలోన్నర బరువు పెరిగాను. ఖర్చూ ఎక్కువే. కొవ్వు తక్కువుండేలా దీన్ని ఇంట్లో చేసుకోవచ్చా? మాకు ఒవెన్ లేదు. సలహా ఇవ్వగలరు.
- ఓ పాఠకురాలు, విజయవాడ

జవాబు: చేసుకోవచ్చు. ఒవెన్ అక్కర్లేదు, అడుగు మందంగా ఉన్న మూకుడు చాలు. మీరు కొవ్వు గురించి అడిగారు కానీ, మీ రిపోర్టు చూస్తే నాకు ముందు అనుమానం వచ్చేది తీపి మీద. హెచ్‌బీఏ1సీ 5.7 నుంచి 6.4 వరకు ఉంటే ప్రీడయాబెటిస్, అంటే మధుమేహానికి ముందు దశ అంటాం. ట్రైగ్లిజరైడ్స్ 150 లోపు ఉండాలి. ఇవి పెరిగితే చాలామంది నూనె మానేస్తారు, తీపి జోలికి మాత్రం వెళ్లరు. నిజానికి ఒంటికి అవసరమైనదానికన్నా ఎక్కువ తిన్న చక్కెరను కాలేయం కొవ్వుగా మార్చి, ట్రైగ్లిజరైడ్స్ రూపంలో రక్తంలోకి పంపుతుంది. కొవ్వు తగ్గించి, ఆ రుచి లోటును సిరప్‌తో పూడ్చిన గ్రనోలా తింటే మీ సమస్య తీరదు.

ఒకసారి ఆ ప్యాకెట్ వెనక్కి తిప్పి చూడండి. పదార్థాల జాబితాలో ఏది ఎక్కువ బరువుంటే అది ముందు రాస్తారు. తేనె, బెల్లం, గ్లూకోజ్ సిరప్, ఇన్వర్ట్ సిరప్ అని వేర్వేరుగా ఉన్నా, మన ఒంటికి అవన్నీ చక్కెర లెక్కే. తేనె మంచిదే కదా అంటారు. ఒక పెద్ద చెంచా తేనెలో దాదాపు 17 గ్రాముల చక్కెర ఉంటుంది. ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్కలో పెద్దవాళ్లకు రోజు మొత్తానికి అదనపు చక్కెర 25 గ్రాముల లోపు ఉంటే మేలు.

ఆ పక్కనే ‘ఒక సర్వింగ్ 30 గ్రాములు’ అనో, 40 అనో ఉంటుంది. అసలు చిక్కంతా అక్కడే. మీలాగే బరువు పెరిగానని వచ్చిన ఒకావిడను, రోజూ ఎంత పోసుకుంటారో అంతా గిన్నెలో పోసి చూపించమన్నాను. తూకం వేస్తే 95 గ్రాములు! నలభై గ్రాములు వేరే గిన్నెలో పోసి చూపిస్తే, “ఇంతేనా డాక్టరుగారూ, పిచ్చుకలకి వేసినట్టుంది” అన్నారు.

ఇక తయారీ. పావు కిలో రోల్డ్ ఓట్స్ తీసుకోండి, మసాలా ఓట్స్, ఇన్‌స్టంట్ ఓట్స్ వద్దు. వేరుశనగపప్పులు, పలుకులుగా చేసిన బాదం 30 గ్రాముల చొప్పున, గుమ్మడి గింజలు 20 గ్రాములు, నువ్వులు రెండు చెంచాలు విడిగా వేయించి పక్కన పెట్టుకోండి. గింజలు తీసిన ఆరు మెత్తటి ఖర్జూరాలను వేడి నీళ్లలో పావుగంట నానబెట్టి, రెండు చిన్న చెంచాల నూనె, అర చెంచా దాల్చినచెక్క పొడి, చిటికెడు ఉప్పుతో మెత్తగా నూరుకోవాలి. నీళ్లు ఎంత తక్కువైతే అంత మంచిది.

ఓట్స్‌ని సన్న సెగ మీద కమ్మటి వాసన వచ్చేదాకా, అంటే ఎనిమిది, పది నిమిషాలు వేయించి ఖర్జూరం ముద్ద కలపండి. మొదట ఉండలు కట్టి, అంతా పాడైపోయినట్టే అనిపిస్తుంది. కంగారు పడకుండా మరో పది నిమిషాలు గరిటె ఆపకుండా తిప్పితే తడి ఆరిపోతుంది. మూకుట్లో ఉన్నంతసేపూ మెత్తగానే ఉంటుంది కాబట్టి అక్కడ చూసి మోసపోవద్దు. ఒక చిటికెడు పళ్లెంలో వేసి, చల్లారాక కొరికి చూడండి. కరకరలాడితే స్టవ్ ఆపేసి పప్పులు, గింజలు కలపాలి. వేయించి పొడి చేసిన అవిసె గింజలు రెండు చెంచాలు చివర్లో చల్లుకోండి. అవిసెలు పొడి చేయకుండా వేస్తే చాలావరకు అరగకుండానే బయటికి పోతాయి. పూర్తిగా చల్లారాకే సీసాలో పెట్టాలి. రెండు వారాలకు సరిపడా మాత్రమే చేసుకోండి, ఆ తర్వాత గింజల్లోని నూనె వాసన మారుతుంది. వానాకాలంలో మెత్తబడితే మళ్లీ మూకుట్లో రెండు నిమిషాలు వెచ్చబెడితే సరి.

ఎండుకొబ్బరి మాత్రం వేయకండి, అందులోని సంతృప్త కొవ్వు మీ ఎల్‌డీఎల్‌కి మంచిది కాదు. బాదం, వేరుశనగల్లోని కొవ్వుతో ఆ భయం లేదు కానీ కేలరీలు ఎక్కువ, అందుకే తూకం చెప్పాను. పైన చెప్పిన కొలతలతో చేస్తే 40 గ్రాముల్లో సుమారు 180 కేలరీలు, ఏడెనిమిది గ్రాముల కొవ్వు ఉంటాయి. దాన్ని చక్కెర వేయని ఒక కప్పు కమ్మటి పెరుగు, జామ లేదా బొప్పాయి ముక్కలతో తినండి. ఫ్లేవర్డ్ యోగర్ట్ వద్దు, అందులో మళ్లీ చక్కెరే.

ఓట్స్ తింటే కొలెస్ట్రాల్ తగ్గుతుందన్న మాటలో నిజం ఉంది. వాటిలోని బీటా గ్లూకాన్ అనే పీచు రోజుకు 3 గ్రాములు అందితే ఎల్‌డీఎల్ కొంత తగ్గుతుంది. కానీ అందుకు 70 గ్రాములకు పైగా ఓట్స్ కావాలి. మీ 40 గ్రాముల గ్రనోలాలో ఓట్స్ పాతిక గ్రాములే, కాబట్టి దీనిమీదే ఆశ పెట్టుకోవద్దు. అసలు ఇడ్లీ మీకు శత్రువేమీ కాదు. రెండు ఇడ్లీలు, గిన్నెడు కూరగాయల సాంబారు వారంలో మూడు రోజులు హాయిగా తినండి. కరకరలాడేది కావాలనిపిస్తే, జొన్న అటుకులు వేయించి వేరుశనగలు, కరివేపాకు, చెంచాడు నూనెతో పోపు పెట్టుకోండి. తీపి లేని గ్రనోలా అంటే అదే, పేరు మనది.

థైరాయిడ్ మాత్ర పరగడుపున మంచినీళ్లతో వేసుకుని, గంట దాకా ఏమీ తినకండి. కాఫీ కూడా వద్దు. పాలు, ఓట్స్‌లోని పీచు, కాఫీ ఆ మందును ఒంటికి సరిగా పట్టనివ్వవు. టీఎస్‌హెచ్ (థైరాయిడ్ పనితీరు చెప్పే రక్తపరీక్ష) ఎక్కువగా ఉంటే ఎల్‌డీఎల్ కూడా పెరుగుతుంది. మీరు టీఎస్‌హెచ్ రిపోర్టు రాయలేదు, ఈమధ్య చేయించుకోకపోతే చేయించుకోండి. మూడు నెలల తర్వాత హెచ్‌బీఏ1సీ, లిపిడ్ ప్రొఫైల్ మళ్లీ చూడాలి. అప్పటికీ ఎల్‌డీఎల్ దిగకపోతే మందు అవసరమా కాదా అన్నది మీ బీపీ, కుటుంబ చరిత్ర చూసి మీ ఫిజీషియన్ చెబుతారు.