గోడ గూటిలో దొరికిన బంగారం: ధర కన్నా ముందు తేలవలసినది తేదీ

ప్రశ్న: మాది పూర్వపు నల్గొండ జిల్లాలోని ఒక పల్లె. ఐదు వారాల క్రితం తాతగారి పెంకుటిల్లు పడగొట్టిస్తుండగా, మూసివేసి ఉన్న గోడ గూటిలో కూలీలకు ఒక రాగి బిందె కనిపించింది. అందులో కాసులపేరు, వడ్డాణం, వెండి పన్నీరు బుడ్డి, గంధపు గిన్నెలు, రాజు బొమ్మ ఉన్న బంగారు కాసులు, చార్మినార్ బొమ్మ ఉన్న వెండి రూపాయలు ఉన్నాయి. రజాకార్ల రోజుల్లో తాత వీటిని దాచాడని, 1949లో హఠాత్తుగా చనిపోవడంతో ఎక్కడ దాచాడో తెలియలేదని నాయనమ్మ చెప్పేది. ఆమె చివరివరకు బోసి మెడతోనే బతికింది. తలచుకుంటే కన్నీళ్లు ఆగడం లేదు. కూలీలకు యాభై వేలు ఇచ్చి ఎవరికీ చెప్పవద్దన్నాం. మూట కట్టిన గుడ్డ, దానిలోని చీకిపోయిన కాగితాలు పారేశాం. తెలిసిన అవుసలి బంగారాన్ని కరిగించి బిస్కెట్లుగా ఇస్తానంటున్నాడు. అమెరికాలో ఉన్న తమ్ముడు కొన్ని పాత వస్తువులు తీసుకెళ్తానంటున్నాడు. ఇద్దరు అక్కలకు ఇంకా చెప్పలేదు. వీటికి సరైన విలువ ఎలా కట్టించాలి? తాత సొత్తే కనుక మాకు ఇబ్బందేమీ ఉండదు కదా?

జవాబు: మీ నాయనమ్మగారి కష్టం గురించి ఉత్తరంలో చాలా రాశారు. ఆ నాణేల మీద ఏ సంవత్సరం ముద్రించి ఉందో మాత్రం ఒక్క మాట కూడా రాయలేదు. ఈ వ్యవహారమంతా తేలేది ఆ సంవత్సరం మీదనే.

తాత సొత్తు గనుక ఇబ్బంది లేదన్న మీ నమ్మకం తప్పు. 1878 నాటి నిధి నిక్షేపాల చట్టం ప్రకారం నేలలో గాని, నేలకు అంటి ఉన్న కట్టడంలో గాని దాచి ఉంచిన విలువైన వస్తువు ఏదైనా నిక్షేపమే అవుతుంది. దాచినది సొంత తాతే అయినా, దొరికినది సొంత గోడలోనే అయినా ఆ నిర్వచనం మారదు. విలువ పది రూపాయలు దాటితే చాలు, కనుగొన్న వ్యక్తి వీలైనంత త్వరగా జిల్లా కలెక్టరుకు రాతపూర్వకంగా తెలియజేయాలి. ఏమి దొరికింది, సుమారు విలువ ఎంత, ఎక్కడ, ఏ తేదీన దొరికింది అన్న వివరాలు అందులో ఉండాలి. వస్తువులను దగ్గరలోని ప్రభుత్వ ఖజానాలో జమ చేయాలి, లేదా అడిగినప్పుడు తెచ్చి చూపిస్తానని హామీ ఇవ్వాలి. మీరు ఐదు వారాలుగా ఈ పని చేయలేదు. పైగా కూలీల నోరు మూయించడానికి డబ్బు ఇచ్చారు. కనుగొన్నవారు తెలియజేయకపోతే వారి వాటా ప్రభుత్వపరం కావడమే గాక ఏడాది వరకు జైలు శిక్ష పడవచ్చు. ఆ నేరానికి స్థల యజమాని తోడ్పడితే అతని వాటా కూడా పోతుంది, ఆరు నెలల వరకు శిక్ష ఉంటుంది. మీరిచ్చిన యాభై వేలు రేపు ఏ విధంగా కనిపిస్తుందో మీరే ఆలోచించండి.

ఇప్పుడు అసలు అంశానికి వస్తాను. నోటీసు అందాక కలెక్టరు ఒక ప్రకటన జారీ చేసి, హక్కుదారులు తన ముందు హాజరు కావలసిన రోజును నిర్ణయిస్తారు. ఆ రోజు ప్రకటన తేదీ నుంచి నాలుగు నెలలకు ముందుగా గాని, ఆరు నెలలు దాటి గాని ఉండకూడదు. ఆ రోజున హాజరు కానివారు తమ హక్కును పోగొట్టుకుంటారు. విచారణలో ఆయన చూసేది ఒకటే: దొరికిన రోజుకు ముందు వందేళ్లలోపు, మీరుగాని, మీకు హక్కు సంక్రమింపజేసిన పూర్వీకుడు గాని ఆ నిక్షేపాన్ని దాచాడని నమ్మడానికి ఆధారం ఉందా? ఉందనిపిస్తే సివిల్ కోర్టులో హక్కు నిరూపించుకోవడానికి గడువు ఇస్తారు. లేదనిపిస్తే, లేదా మీరు ఆ గడువులో దావా వేయకపోతే, దానిని యజమాని లేని నిక్షేపంగా ప్రకటించవచ్చు. ఆ ప్రకటనపై అప్పీలుకు ఉన్నది రెండు నెలలే. అప్పుడు, వేరే ఒప్పందం కుదరకపోతే, కనుగొన్నవారికి నాలుగింట మూడు వంతులు, స్థల యజమానికి నాలుగో వంతు దక్కుతాయి. గూటిలో చేయి పెట్టినది కూలీలు. కనుగొన్నది వారా, పని చేయించిన మీరా అన్నది విచారణలో వివాదమవుతుంది. యజమాని లేని నిక్షేపమైతే ప్రభుత్వం కూడా దానిని తీసుకోవచ్చు. అందుకు చెల్లించేది ఆ లోహపు విలువ, దానిపై అయిదో వంతు మాత్రమే. మీ తాతగారి సొత్తుగా రుజువైతే ఈ పంపకాలేవీ వర్తించవు.

కాబట్టి మీ చేతిలో ఉన్న అత్యంత విలువైన వస్తువు వడ్డాణం కాదు, ఆ బిందెలోని నాణేలలో అన్నింటికన్నా కొత్తది. అది ముద్రించిన సంవత్సరానికి ముందు బిందెను అదే రూపంలో ఎవరూ మూసిపెట్టి ఉండలేరు. అది 1940ల నాటిదైతే నిక్షేపం వందేళ్లలోపుదేనని ఆ నాణెమే సాక్ష్యం చెబుతుంది. 1918 నాటి కాసులు ఉన్నంత మాత్రాన దాచి వందేళ్లు దాటిందని ఎవరైనా వాదిస్తే ఆ వాదన నిలవదు. పాత నాణేలను తర్వాతి కాలంలోనూ దాచవచ్చు. అయితే అన్నీ 1925కు ముందువే అయితే, మీ భారమంతా ఇతర సాక్ష్యం మీద పడుతుంది.

రాజు బొమ్మ ఉన్న కాసులు బ్రిటిష్ సావరిన్లయితే, గుర్రం మీది యోధుడు ఉన్న వైపు అడుగున సంవత్సరం కనిపిస్తుంది. ఒక్కొక్కటి 7.98 గ్రాములు, 22 క్యారెట్లు ఉండాలి. చార్మినార్ రూపాయల మీద ఉండేది హిజ్రీ (ఇస్లామిక్ పంచాంగపు) సంవత్సరం. 1330 అంటే సుమారు 1912, 1364 అంటే సుమారు 1945. చార్మినార్ ద్వారంలో చిన్న ఉర్దూ అక్షరం ఉంటుంది: మీమ్ అయితే నిజాం మహబూబ్ అలీ ఖాన్ కాలానిది, ఐన్ అయితే 1911లో గద్దెనెక్కిన ఉస్మాన్ అలీ ఖాన్ కాలానిది. ఉర్దూ, అరబిక్ అంకెలు చదవగలవారి చేత ప్రతి నాణెమూ చదివించి పట్టిక రాయించండి. చింతపండుతో గాని, పొడితో గాని తోమవద్దు. అరిగిన అంకె మళ్లీ రాదు.

ఇక అవుసలి సలహా గురించి ఖండితంగా చెబుతున్నాను: ఒక్క గ్రాము కూడా కరిగించవద్దు. నిక్షేపాన్ని గుర్తుపట్టలేని విధంగా మార్చడం, మార్చడానికి ప్రయత్నించడం కూడా ఆ చట్టం కింద శిక్షార్హమే. దీనికి తోడు, మీ యాజమాన్యాన్ని రుజువు చేయగల ముఖ్యమైన ఆధారాన్ని మీ చేతులతోనే మూసలో పోసినట్లవుతుంది. బిస్కెట్టు మీద తాతగారి కాలం ఉండదు. మూట గుడ్డను, కాగితాలను పారేయడం క్షమించరాని అజాగ్రత్త. ఆ కాగితాల్లో ఒక్క తేదీ, ఒక్క సంతకం ఉన్నా మీకు దావాలో సగం పని తగ్గేది. ఇంటి శిథిలాలను ఎక్కడ పోశారో ఈరోజే వెళ్లి వెదికించండి.

విలువ విషయంలో మీరు తెలుసుకోవలసినవి కొన్ని ఉన్నాయి. పాత వడ్డాణాలు, కంఠె వంటి బోలు నగలలో లక్క నింపి ఉంటుంది; రాళ్ల బరువు, లక్క బరువు తీసివేయకుండా వేసిన తూకం దేనికీ పనికిరాదు. పెళ్లినాటి పత్రంలో గాని, పాత పంపకాల కాగితంలో గాని నగల బరువు తులాలలో ఉంటే, ఆనాటి తులం 11.66 గ్రాములని గుర్తుంచుకోండి. ఈనాడు దుకాణంలో పది గ్రాములను తులమంటారు. ఈ తేడా గమనించక, పత్రంలోని నగ వేరు, దొరికిన నగ వేరు అని ఎదుటి పక్షం వాదించడానికి అవకాశం ఇవ్వవద్దు. బ్రిటిష్ ఇండియా వెండి రూపాయలలో 1940కి ముందువాటిలో దాదాపు 91.7 శాతం వెండి ఉండేది, ఆ తర్వాత అది సగానికి తగ్గింది. 1940లకు ముందు నాటి చార్మినార్ రూపాయలలో సుమారు 81.8 శాతం. అన్నింటినీ ఒకే రేటున తూచేవారిని నమ్మవద్దు. పన్నీరు బుడ్డి అడుగున ముద్ర చూడండి. ఈ.పి.ఎన్.ఎస్. అన్న ఇంగ్లీషు అక్షరాలుంటే అది వెండి పూత మాత్రమే. జర్మన్ సిల్వర్ అయితే అందులో వెండి అసలే ఉండదు. పాత మద్రాసు, కలకత్తా కంపెనీల పేరు ముద్రించి ఉంటే లోహానికి మించిన విలువ ఉండవచ్చు, కాని బ్రిటిష్ పాలనలోని భారతదేశంలో చట్టబద్ధమైన హాల్‌మార్క్ (స్వచ్ఛతను తెలిపే అధికారిక ముద్ర) లేదు గనుక ఆ ముద్ర స్వచ్ఛతకు హామీ కాదు. పరీక్ష హాల్‌మార్కింగ్ కేంద్రంలో, ఎక్స్-కిరణాలతో లోహాన్ని పరీక్షించే ఎక్స్‌ఆర్‌ఎఫ్ యంత్రంతో చేయించండి. అది పైపొరను మాత్రమే చదువుతుంది. అయినా నగ నుంచి లోహం గీకి తీసే పరీక్షకు కలెక్టరు అనుమతి లేకుండా ఒప్పుకోవద్దు. నివేదిక ఆదాయపు పన్ను శాఖ వద్ద నమోదైన విలువ నిర్ధారకుడి చేత రాయించండి. కోర్టు ఫీజు లెక్కకు, దావా ఏ కోర్టులో వేయాలో తేలడానికి కూడా అది కావాలి.

ఈ వారంలోనే కలెక్టరుకు నోటీసు ఇవ్వండి. ఆలస్యాన్ని, కూలీలకు ఇచ్చిన డబ్బును దాచకుండా అందులో రాయండి. కూలీల సంతకాలు కూడా తీసుకోవడం మంచిది. అంతకుముందు ప్రతి వస్తువునూ తూకపు యంత్రంపై ఉంచి, ముద్రలు కనిపించేలా వీడియో తీయించండి. వీడియో తీసిన ఫోనును మార్చవద్దు. ఎలక్ట్రానిక్ సాక్ష్యానికి కావలసిన ధ్రువపత్రం తర్వాత ఇవ్వవలసి ఉంటుంది. నాయనమ్మగారు చెప్పారన్నది వినికిడి సాక్ష్యం మాత్రమే, దాని మీదనే కేసు నిలబెట్టలేరు. ఆ రోజులను స్వయంగా చూసిన మేనత్తగాని, పొరుగింటి వృద్ధులు గాని బతికి ఉంటే, దావా వేసిన వెంటనే అడ్వకేట్ కమిషనర్ (కోర్టు నియమించే న్యాయవాది) ద్వారా ఇంటి వద్దనే వారి వాంగ్మూలం నమోదు చేయించమని కోర్టును కోరండి. ఆ ఇల్లు తాతగారిదేనని చూపే పాత పత్రాలు, ఇంటి పన్ను రసీదులు, ఆయన మరణ తేదీకి ఏదైనా రికార్డు సంపాదించండి.

అక్కలకు చెప్పకపోవడం మరో పొరపాటు. ఇది తాతగారి ఆస్తిగా రుజువైతే వారూ హక్కుదారులే. దావాలో వారు మీ పక్కన వాదులుగా ఉండాలి, రేపు మీ మీద పంపకాల దావా వేసే పరిస్థితి తెచ్చుకోవద్దు. మీ తమ్ముడికి ఈ రోజే చెప్పండి: వందేళ్లు దాటిన నాణెం గాని, కళాత్మకమైన నగ గాని 1972 నాటి పురావస్తువుల చట్టం కింద పురావస్తువు అవుతుంది, దానిని దేశం దాటించడం ప్రైవేటు వ్యక్తులకు నిషిద్ధం, కనీసం ఆరు నెలల నుంచి మూడేళ్ల వరకు జైలు శిక్ష ఉంది. ఒక వస్తువు పురావస్తువా కాదా అన్న ప్రశ్న వస్తే తుది మాట భారత పురావస్తు సర్వేక్షణ సంస్థది. కోర్టు తీర్పు వచ్చాక, పురావస్తువు కాదన్న ధ్రువపత్రం ఆ సంస్థ నుంచి చేతికి అందితేనే, కస్టమ్స్ వారికి ప్రకటించి తీసుకెళ్లవచ్చు.