అడవి గోధుమల పని మొదలుపెట్టే ముందు

తల్లీ,

ఉద్యోగంలో చేరగానే అడవి గోధుమల పని, అంటే వాటి మంచి గుణాల్ని సాగు గోధుమలోకి తెచ్చే పని, నీకే అప్పజెప్పారని రాశావు, చాలా సంతోషం వేసింది. ఆ కిందే "ఈ గడ్డితో ఏం చెయ్యాలో తెలియట్లేదు, టెన్షన్‌గా ఉంది" అని కూడా రాశావు. అందుకే ఇంత పొడుగు జవాబు.

ముందు దాన్ని గడ్డి అని తీసిపారెయ్యకు. మనం రొట్టె చేసుకునే గోధుమ పుట్టిందే ఒక గడ్డి వల్ల. సుమారు 8,000 నుంచి 10,000 ఏళ్ల కిందట, కాస్పియన్ సముద్రానికి దక్షిణంగా, అప్పటికే సాగులో ఉన్న ఎమ్మర్ రకం గోధుమ, చేల పక్కన మొలిచిన ఈజిలాప్స్ టౌషీ అనే గడ్డితో దానంతటదే సంకరమైంది. అటు నుంచి 28 క్రోమోజోములు, ఇటు నుంచి 14, మొత్తం 42. ఆ కలయిక కొద్దిపాటి మొక్కల మధ్యే జరిగింది కాబట్టి ఆ గడ్డి దగ్గరున్న గుణాల్లో చాలా కొంచెమే మన గోధుమలోకి వచ్చింది. తెగుళ్లను, ఎండను, ఉప్పు నేలను తట్టుకునే మిగతా గుణాలన్నీ ఇంకా ఆ కొండవాలుల్లోనూ, విత్తనాలు దాచిపెట్టే జీన్ బ్యాంకుల్లోనూ ఉన్నాయి.

నువ్వు కూడా అక్కణ్ణుంచే మొదలుపెట్టు. ఎమ్మర్‌లాగే 28 క్రోమోజోములున్న డ్యూరమ్ గోధుమని ఈజిలాప్స్ టౌషీతో కలిపి ఆ పాత సంకరాన్ని మళ్లీ చెయ్యి. మెక్సికోలోని సిమ్మిట్ అనే అంతర్జాతీయ మొక్కజొన్న, గోధుమ పరిశోధన సంస్థ వాళ్లు ఇలా కృత్రిమ గోధుమల్ని వందల్లో తయారు చేశారు, చైనాలో 2003లో వచ్చిన చువాన్‌మై 42 అనే గోధుమ రకం వాటి సంతతే. డ్యూరమ్ కంకిలో ఒక్కో పువ్వులో మూడు పరాగకోశాలు ఉంటాయి, అవి పసుపు తిరగకముందే, ఇంకా పచ్చగా ఉండగానే ఫోర్సెప్స్‌తో తీసెయ్యి, ఒక్కటి మిగిలినా నీ శ్రమంతా వృథా. బటర్ పేపర్ కవర్ తొడుగు, రెండు మూడు రోజులకి కీలాగ్రం ఈకలా విచ్చుకుంటుంది, అప్పుడు పుప్పొడి వెయ్యి. గింజ కట్టినట్టే కనిపిస్తుంది కానీ నొక్కితే లోపల నీళ్లే ఉంటాయి, కంగారుపడకు, రెండు వారాలు దాటాక పిండాన్ని విడదీసి పోషకాలు కలిపిన మీడియం మీద పెంచుకోవాలి. తల్లి నుంచీ తండ్రి నుంచీ సగం చొప్పునే వస్తాయి కాబట్టి అలా వచ్చిన మొక్కకి 21 క్రోమోజోములే ఉంటాయి, అది దాదాపు గొడ్డు మొక్క. కొల్చిసిన్ అనే రసాయనంతో వాటిని రెట్టింపు చేస్తే 42 అయ్యి గింజ కడుతుంది. కొల్చిసిన్ విషం, గ్లవ్స్ లేకుండా ముట్టుకోకు.

ఇక నేను అసలు చెప్పాలనుకున్నది. అడవి మొక్క నుంచి నీకు కావలసిన జీన్ ఒంటరిగా రాదు, తన చుట్టాలందర్నీ వెంటబెట్టుకుని వస్తుంది. గోధుమకి దగ్గరి ధాన్యమైన రై పంట సంగతే చూడు. దాని ఒకటో క్రోమోజోము పొట్టి భుజం మొత్తం గోధుమలోకి వచ్చింది, దాంతో కాండం తుప్పు తెగులుని ఆపే ఎస్ఆర్31 అనే జీన్ వచ్చింది, దిగుబడి పెరిగింది, ప్రపంచమంతా పాకింది. కానీ అదే ముక్కతో పిండి జిగటగా సాగే గుణమూ వచ్చి రొట్టెల వాళ్లకి తలనొప్పి అయింది. పైగా చాలా దేశాలు ఆ ఒక్క జీన్ మీదే ఆధారపడి ఉండగా 1998లో ఉగాండాలో బయటపడ్డ యూజీ99 అనే కొత్త రకం కాండం తుప్పు తెగులు దాన్ని దాటేసింది. అందుకే తెగులుని తట్టుకునే మొక్క దొరికిందని పొంగిపోయి అక్కడే ఆగొద్దు. గింజ బరువు చూడు, కోతకి ఎన్ని రోజులు పడుతుందో చూడు, పిండి కలిపి చూడు, ఒకే రోగానికి రెండు మూడు జీన్‌లు కలిపి పెట్టు.

బ్యాక్‌క్రాస్ చేసిన ప్రతిసారీ, అంటే సంకర మొక్కని మళ్లీ సాగు గోధుమతో కలిపిన ప్రతిసారీ, అడవి భాగం సగటున సగానికి తగ్గుతుంది, అయితే నీ జీన్‌ని ఆనుకుని ఉన్న ముక్క మాత్రం అంత తేలిగ్గా వదలదు. మార్కర్లతో, అంటే డీఎన్ఏలోని గుర్తులతో, ఆ జీన్‌కి రెండు వైపులా అడవి ముక్క తెగిన మొక్కని వెతకాలి, దానికి వందల మొక్కలు పెంచాలి, ఇంకో దారి లేదు. అడవి గడ్డి మరీ దూరపు చుట్టమైతే గోధుమ క్రోమోజోములు దానితో జతే కట్టవు, 5బి క్రోమోజోము మీదున్న పీహెచ్1 జీన్ ఆపుతుంది. అప్పుడు ఆ జీన్ లోపించిన మ్యుటెంట్‌ని వాడాలి. మొదటి ఏడాదే అటు వెళ్లొద్దు.

రోగాల సంగతి ఒక్కటే చూసుకోకు. అడవి ఎమ్మర్‌లో జీపీసీ-బీ1 అనే జీన్ ఉంది, అది ఆకులు త్వరగా పండేలా చేసి నత్రజనినీ జింకునీ ఇనుమునీ గింజలోకి పంపిస్తుంది. సాగు గోధుమల్లో చాలావాటిలో అది పని చెయ్యదు. ఇంత మేలు గుణం మన చేతుల్లోనే జారిపోయిందని తెలిసిన రోజు నాకు నిజంగా బాధేసింది. ఇంకా ముందుకెళ్లి, అడవి చుట్టాన్నే కొత్త పంటగా మార్చే పని కూడా నడుస్తోంది. థైనోపైరమ్ ఇంటర్మీడియం అనే బహువార్షిక గడ్డిని అమెరికాలోని ల్యాండ్ ఇన్‌స్టిట్యూట్ వాళ్లు ఏళ్లుగా ఎంపిక చేస్తూ కెర్న్‌జా అనే ధాన్యంగా తెచ్చారు. వేళ్లు మూడు మీటర్ల దాకా దిగుతాయి, ఏటా దున్ని విత్తే పని లేదు. గింజ మాత్రం గోధుమ గింజలో అయిదో వంతే, దిగుబడి కూడా కొన్నేళ్లకి తగ్గుతుంది. అయినా ఆ పని మీద నాకు గట్టి నమ్మకం ఉంది.

చివరిగా ఒక చిన్న జాగ్రత్త. అడవి కంకి పండగానే ముక్కలుగా విడిపోయి రాలిపోతుంది, అది దాని బతుకుతెరువు. నా మొదటి ఏడాది రెండు రోజులు సెలవు పెట్టి వచ్చేసరికి కంకులన్నీ బోడిగా ఉన్నాయి, నేల మీద ఏరిన గింజలు ఏ మొక్కవో తేల్చుకోలేక ఏడాది పోగొట్టుకున్నాను. పై భాగం పసుపు తిరగడం మొదలవగానే కవర్ తొడుగు, దాని మీద పెన్సిల్‌తో యాక్సెషన్ నెంబరు, అంటే జీన్ బ్యాంకు ఆ విత్తనానికి ఇచ్చిన నెంబరు, రాయి, పెన్ను సిరా తడికి చెరిగిపోతుంది.