రెండు త్రిభుజాలు సర్వసమానమని పిల్లలకు ఎలా చెప్పాలి?

మీ అబ్బాయి అడిగినవి మూడు: బొమ్మలో భుజాల మీద ఆ చిన్న గీతలేమిటి, తిరగేస్తే సరిపోయే త్రిభుజాన్ని సర్వసమానం అనొచ్చా, మూడు కోణాలూ సమానమైతే చాలదా.

మాది చెన్నై, తంగసాల వీధి దగ్గర. మా అమ్మ ఇంట్లోనే జాకెట్లు కుట్టేది. నాకు ఈ పాఠం ఎక్కింది బళ్లో కాదు, ఆ కత్తిరింపుల మధ్యే. జాకెట్ చేతికి ముందు చంక లోతు ఎక్కువ, వెనక తక్కువ. అందుకే బట్టను మడతపెట్టి ఒక్కసారే రెండు చేతులూ కత్తిరిస్తారు. విప్పితే ఒకటి కుడిది, ఒకటి ఎడమది. పక్కపక్కన పెడితే వేరుగా కనిపిస్తాయి, ఒకదాన్ని తిరగేసి రెండోదాని మీద వేస్తే అంచు అంచుకు కలుస్తుంది. సర్వసమానం అంటే అంతే. జరపొచ్చు, తిప్పొచ్చు, తిరగేయొచ్చు, సాగదీయకూడదు. ఒకసారి నేను సాయం చేస్తానని మడత పెట్టకుండా పూల బట్టలో రెండూ ఎడమ చేతులే కత్తిరించాను. లెక్క ప్రకారం అవి సర్వసమానమే. అమ్మ మాత్రం ఒప్పుకోలేదు!

గీతల సంగతి సులువు. ఒక్క గీత ఉన్న భుజాలన్నీ ఒకే పొడవు, రెండు గీతలున్నవన్నీ ఒకే పొడవు. రెండు గీతలంటే రెట్టింపు పొడవని మా పాప చాలా రోజులు అనుకుంది, మీ వాడినీ ఒకసారి అడిగి చూడండి.

కోణాలకు మూలమట్టం చూపించండి. జామెట్రీ బాక్సులోదీ, టీచరు బోర్డు మీద వాడే పెద్ద చెక్కదీ రెండింటికీ 30, 60, 90 డిగ్రీలే. ఒకదాని మీద ఒకటి సరిపోతాయా? అవి సరూపాలు, అంటే ఆకారం ఒకటే, పరిమాణం వేరు, అంతవరకే.

అసలు తికమక ఇంకోచోట ఉంది. రెండు భుజాలు, ఒక కోణం సమానమని కనబడగానే పిల్లలు భు.కో.భు. (భుజం-కోణం-భుజం నియమం) ప్రకారం సర్వసమానం అని రాసేస్తారు. నేనూ అలాగే మార్కులు పోగొట్టుకున్నాను. ఆ కోణం ఆ రెండు భుజాల మధ్యే ఉండాలి. కాగితం మీద చేసి చూడండి. ఏ (A) అనే బిందువు దగ్గర 30 డిగ్రీల కోణం గీసి, ఒక రేఖ మీద 8 సెం.మీ. దూరంలో బీ (B) అనే బిందువు పెట్టండి. బీ దగ్గర వృత్తలేఖిని ఆనించి 5 సెం.మీ. చాపం గీస్తే అది రెండో రేఖను రెండు చోట్ల కోస్తుంది, ఏ నుంచి సుమారు 3.9 దగ్గర ఒకసారి, 9.9 దగ్గర ఇంకోసారి. అవే కొలతలు, రెండు వేర్వేరు త్రిభుజాలు. మా పాప నమ్మక మూడుసార్లు గీసింది.

మూడు భుజాలూ తెలిస్తే ఈ పేచీ లేదు. మూడు చీపురు పుల్లలు కత్తిరించి ఇవ్వండి, ఎలా పేర్చినా, మహా అయితే తిరగేసినా, అదే త్రిభుజం వస్తుంది. నాలుగు పుల్లలతో చతుర్భుజం చేసి ఒక మూల నొక్కితే మాత్రం పక్కకు ఒరిగిపోతుంది.