మెట్ చూడబోయే అమ్ములుకి

అమ్ములూ,

శనివారం నువ్వూ నీ రూమ్మేటూ న్యూయార్క్ వెళ్లి మెట్రోపాలిటన్ మ్యూజియం చూస్తారని మీ అమ్మ చెప్పింది. షాపింగ్ మానేసి బొమ్మలు చూస్తానన్నావంటే ముచ్చటేసింది. జనవరి చలి గుర్తొచ్చి టెన్షన్ కూడా మొదలైంది.

శనివారం రాత్రి తొమ్మిదిదాకా తెరిచే ఉంటుంది. టికెట్టు 30 డాలర్లు, కానీ న్యూజెర్సీ స్టూడెంట్లు తోచినంత ఇవ్వొచ్చు. ఐడీ కార్డు మర్చిపోకు.

కోటు మాత్రం కోట్ చెక్‌లో, అదే కోట్లు దాచిపెట్టే కౌంటర్లో, ఇచ్చెయ్. మీ పెదనాన్న మొదటిసారి ఇవ్వనన్నారు, ఎవడైనా ఎత్తుకుపోతాడట! బయట గడ్డకట్టే చలి, లోపల హీటర్ల వేడి. ఆ బరువు చేతిమీద వేసుకుని, ఒక్క గదీ వదలకూడదని పంతం పట్టారు. ఈజిప్టు 1965లో అమెరికాకి కానుకిచ్చిన డెండూర్ రాతి గుడి దగ్గరికొచ్చేసరికే చెమటలు. పై అంతస్తులో చిత్రకారుడు బ్రూగెల్ వేసిన బొమ్మ 'ది హార్వెస్టర్స్' ముందునుంచి తలైనా తిప్పకుండా వెళ్లిపోయారు. కోనసీమ రైతుబిడ్డ, కోతల బొమ్మని వదిలేశారు! 1565 నాటిది. చెట్టు నీడన కూలీలు గిన్నెల్లో తింటుంటే, ఒకడు కాళ్లు బార్లా చాపి నిద్రపోతుంటాడు. చల్లగా ఉండాలని కాబోలు, కోయని గోధుమ చేలో కూజా దాచారు. తర్వాతెప్పుడో వెళ్లినప్పుడు ఆ పడుకున్నవాణ్ణి చూసి, "అచ్చం మా పాలేరే" అని అరగంట కదల్లేదు మనిషి.

అందుకే మూడు నాలుగు గదులు చాలు. బెంచీ కనిపిస్తే కూర్చో. నీ రూమ్మేటుకి కవచాలూ కత్తులూ ఇష్టమైతే అటు పోనీ, మొహమాటానికి వెంట తిరక్కు. గంట తర్వాత గ్రేట్ హాల్లో, అదే లోపలికి రాగానే ఉండే పెద్ద హాల్లో, కలుసుకోండి. ఎక్కడో ముందే అనుకోండి, చలికి ఫోన్ చార్జింగ్ ఇట్టే దిగిపోతుంది.

ఇంకోటి, నవ్వకు. బయటి మెట్ల మీద సెల్ఫీలు దిగుతూ వెనక్కి అడుగులెయ్యకు. నల్లమంచు, అదే నేలమీద గాజులా పేరుకునే పల్చటి మంచు, కంటికి కనబడదు, కాలు విరిగితే మీ అమ్మకి నేనేం చెప్పను? ఆ ఫ్యాషన్ బూట్లు వద్దు, గట్టి సోలువి వేసుకో. పోయినసారి మంచులో కాన్వాస్ బూట్లతో మా ఇంటికొచ్చావు, మర్చిపోయాననుకోకు.

రాత్రి రైలెక్కగానే మెసేజ్ పెట్టు. ఎంత ఆలస్యమైనా మేలుకునే ఉంటాను.

పెద్దమ్మ